శత్రువు కోసం వేసిన దారి

హిమెజి రైల్వే స్టేషన్ ఉత్తరపు వాకిలి దాటగానే కోట ఎదురుగా కనిపిస్తుంది. మధ్యలో ఒకే ఒక్క రోడ్డు. వెడల్పాటిది, దారం పట్టి గీసినంత తిన్ననిది, సుమారు కిలోమీటరు పొడవుంటుంది. దాని చివర గుట్ట మీద, కప్పు మీద కప్పుగా రెక్కలు విప్పుకున్న తెల్లటి మేడ. తెల్లకొంగ కోట అని జపాన్ వాళ్లు ముద్దుగా పిలుచుకునేది దీన్నే. ఈ తిన్నని రోడ్డు రెండో ప్రపంచ యుద్ధంలో కాలిపోయిన ఊరిని తిరిగి కట్టుకునేటప్పుడు వేసినది. కోట కట్టినవాళ్లు తొమ్మిదేళ్లు పాటుపడింది ఇలాంటి దారి ఒక్కటి కూడా ఉండకూడదనే.

హిమెజి వెళ్లినవాళ్లు చాలామంది తలెత్తి పైకి చూసి వస్తారు. ఆ తెలుపు, ఆ కప్పుల ఒంపులు ఎవరి కళ్లనైనా లాక్కుంటాయి. నన్ను మాత్రం కట్టిపడేసింది కింద ఉన్న సరంజామా: అగడ్తలు, రాతి గోడలు, మలుపులు, ద్వారాలు, ఎగుడుదిగుడు మెట్లు. ఆ దారిలో నడుస్తుంటే నా గురించి ఎవరో ఎప్పుడో కూర్చుని ఆలోచించి పెట్టినట్టు ఉంటుంది. ఎక్కడ ఆయాసపడతానో, ఎక్కడ తొందరపడతానో, ఏ మలుపులో ఎటు చూస్తానో, ఎక్కడ తల వంచుతానో అన్నీ వాళ్లకు ముందే తెలుసు. ఇంటికి రాబోయే చుట్టం గురించి అంత ఆలోచించేవాళ్లను చూశాం. ఇక్కడ అంత శ్రద్ధా శత్రువు కోసం పెట్టారు. నాలుగు వందల ఏళ్ల కిందటి ఆ శ్రద్ధ గురించే నాకు చెప్పాలని ఉంది.

ముందుగా చరిత్ర నాలుగు మాటల్లో. పద్నాలుగో శతాబ్దంలో అకమత్సు వంశంవారు ఈ గుట్ట మీద చిన్న కోట కట్టారు. తర్వాత కురోదా వంశం చేతికి వచ్చింది. 1580 ప్రాంతంలో, తర్వాత దేశాన్నంతా ఏలిన సేనాని తొయొతొమి హిదెయొషి ఇక్కడ మూడంతస్తుల మేడ లేపాడు. హిదెయొషి పోయాక అధికారం కోసం 1600లో జరిగిన సెకిగహరా యుద్ధం గెలిచిన తొకుగవా ఇయెయసు తన అల్లుడు ఇకెదా తెరుమసకు ఈ ప్రాంతం అప్పగించాడు. అల్లుడి పని తేలికైనది కాదు. ఒసాకాలో హిదెయొషి కొడుకు ఇంకా ఉన్నాడు, పడమటి జపాన్‌లో ఓడిన ప్రభువుల కడుపుమంట ఇంకా చల్లారలేదు. పడమటి నుంచి రాజధాని వైపు సైన్యం కదిలితే హిమెజి దగ్గర ఆగిపోవాలి. తెరుమస 1601లో మొదలుపెట్టి 1609కి ఇప్పుడు మనం చూస్తున్న కోటను నిలబెట్టాడు. ఆ తొమ్మిదేళ్లూ యుద్ధం ఎప్పుడైనా రావచ్చుననే నమ్మకంతోనే ప్రతి రాయీ పెట్టారు. కోటలో నడిచేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి. అందంగా ఉన్నదల్లా భయంలోంచి వచ్చింది.

అగడ్తలు మూడు. మామూలుగా కోట చుట్టూ అగడ్త అంటే ఉంగరంలా మూసుకున్న వలయాన్ని ఊహిస్తాం. హిమెజిలో అలా లేదు. గుట్టకు ఈశాన్యంలో మొదలైన అగడ్త ఎడమ చుట్టుగా తిరుగుతూ, తనను తాను చుట్టుకుంటూ బయటికి విప్పుకుంటుంది. లోపలి చుట్టులో ప్రభువు, మధ్య చుట్టులో పెద్ద సమురాయ్‌ల ఇళ్లు, బయటి చుట్టులో వర్తకులు, చేతిపనివాళ్లు, చిన్న ఉద్యోగులు. ఎవడు ఎంతవరకు లోపలికి రావచ్చో ఊరి నేలమీదే రాసిపెట్టారన్నమాట. ఈ నీళ్లు ఆపింది శత్రువునే అనుకోలేం. రోజూ సొంత ఊరివాళ్లను కూడా వాళ్ల వాళ్ల చోట్ల నిలబెట్టాయి. కోటలను మెచ్చుకునేటప్పుడు ఈ సంగతి మింగేయడం నాకు సరిగా అనిపించదు.

అగడ్త సగటు వెడల్పు 20 మీటర్లు, బాగా వెడల్పైన చోట 34.5 మీటర్లు, లోతు సుమారు 2.7 మీటర్లు. లోతు తక్కువే అనిపించవచ్చు. ఒంటినిండా కవచం తొడుక్కున్నవాడికి నిలువు మించిన నీరు చాలు. అసలు ప్రాణం వెడల్పులో ఉంది. నీళ్లకు అవతల ఒడ్డున నిలువెత్తు రాతి గోడ, దాని మీద తుపాకులు. ఇటు ఒడ్డున ఆగినవాడు, దాటే మార్గం వెతుక్కునేవాడు, ఈదేవాడు ముగ్గురూ ఒకే వెలుతురులో ఆరుబయట దొరికిపోతారు. దాక్కోవడానికి చెట్టు లేదు, పుట్ట లేదు. నీటికి అడ్డుపడే పని ఉందని మనకు తెలుసు. శత్రువును చాటు లేకుండా నిలబెట్టడం కూడా దాని పనేనని ఈ ఒడ్డున నిలబడ్డాకే నాకు బోధపడింది. ఇప్పుడు లోపలి అగడ్తలో చెక్క పడవల్లో యాత్రికులను తిప్పుతున్నారు. వసంతంలో చెర్రీ పూరేకులు నీళ్ల మీద తేలుతూ మూలల్లో గుట్టలు పడతాయి.

సకురా ద్వారం వంతెన దాటి, పచ్చిక మైదానం పక్కగా నడిచి, టికెట్ తీసుకుని లోపలికి వెళ్లగానే హిషి ద్వారం. మిగిలిన ద్వారాలన్నిటిలోకీ పెద్దది ఇదే. గంట ఆకారపు కిటికీలతో, నల్ల లక్క పూతతో అచ్చం పెళ్లివారింటి వాకిలిలా ముస్తాబై ఉంటుంది. దాన్ని దాటాక మూడు దారులు. ఎడమకు తిరిగితే పడమటి ఆవరణ. నేరుగా వెళ్తే 'ఇ' ద్వారం. కుడి వైపున ఒక కొలను, దాని పక్కగా ఖాళీగా కనిపించే తోవ. చాలామంది నేరుగా వెళ్తారు. అందరూ నేరుగానే వెళ్తారని కట్టినవాళ్లకూ తెలుసు. ఆ కుడి వైపు తోవలో నాలుగడుగులు వేస్తే రాతి గోడలో తొలిచినట్టున్న చిన్న సొరంగం, 'రు' ద్వారం కనిపిస్తుంది. పైకి వెళ్లడానికి దగ్గరి దారి అదే. హిషి ద్వారంలో నిలబడ్డవాడికి అది కనబడదు. ముట్టడి వస్తే రాళ్లు, మట్టి పోసి దాన్ని పూడ్చేయవచ్చు. తమవాళ్లకు దగ్గరి దారి, పరాయివాళ్లకు దూరపు దారి: రెండింటినీ ఒకే వాకిట్లోంచి తీశారు.

ద్వారాల్లో చాలావాటికి జపాన్ పాత అక్షరమాల వరసలో పేర్లు పెట్టారు: ఇ, రొ, హ, ని, హొ... మనం అ, ఆ, ఇ, ఈ అన్నట్టు. ఒకప్పుడు మొత్తం కోటలో 84 ద్వారాలుండేవి. ఇప్పుడు 21 మిగిలాయి. పేర్లు వరసగా ఉన్నాయి కదా అని దారి వరసగా ఉంటుందనుకోకూడదు.

'రొ' ద్వారం దాటగానే ఒక ఏటవాలు. ఇరుపక్కలా తెల్లటి గోడ. గోడ నిండా కన్నాలు: గుండ్రనివి, మూడు మూలలవి, చతురస్రాలు, నిలువు దీర్ఘచతురస్రాలు. నిలువువి బాణాలకు, తక్కినవి తుపాకులకు. లోపల వెడల్పుగా, బయటికి వచ్చేసరికి సన్నగా ఉంటాయి. దాంతో లోపలివాడు తుపాకి గొట్టాన్ని అటూ ఇటూ తిప్పగలడు, బయటివాడికి మాత్రం గురి పెట్టడానికి అరచేయంత చోటు కూడా ఉండదు. కోట మొత్తం మీద ఇప్పటికీ ఇలాంటివి వెయ్యి దాకా ఉన్నాయి. పిల్లలు వాటిలోంచి ఒకరినొకరు చూసుకుంటూ, పేర్లు పెట్టి పిలుచుకుంటూ ఆడుకుంటుంటారు. ఒక కన్నానికి కన్ను ఆనించి చూశాను. ఇప్పుడే నేను ఎక్కి వచ్చిన వాలు మొత్తం అందులో బిగించినట్టుంది. ఎక్కుతున్న ఒక పెద్దాయన మోకాలు పట్టుకుని సరిగ్గా నా చూపు మధ్యలో ఆగి ఊపిరి తీసుకున్నాడు. ఆ వాలులో మనిషి ఎక్కడ ఆగుతాడో ఆ కన్నం పెట్టినవాడికి తెలుసు. చప్పున పక్కకు తప్పుకున్నాను.

ఆ వాలు చివర 'హ' ద్వారం. ఎక్కుతున్నంతసేపూ తెన్షు, అంటే కోట నడిమి మేడ, నెత్తిమీదే ఉన్నంత దగ్గరగా కనిపిస్తుంది. ఇంకొక్క ద్వారం దాటితే చాలుననిపిస్తుంది. దాటగానే దారి వెనక్కి మళ్లుతుంది. మేడ వీపు వెనక్కి పోతుంది. పిట్టకైతే ఒక్క ఎగురుకు దూరం లేని చోటికి మనం వీపు తిప్పి నడవాలి. తర్వాత 'ని' ద్వారం. ఇక్కడ తల వంచకుండా లోపలికి పోలేం. చీకటి, పైన చెక్క కప్పు. ఆ కప్పు పైన గది ఉంది, ఆ గది నేలలోంచి కింద వంగి నడుస్తున్నవాళ్ల మీదికి బల్లేలు దించవచ్చు. ఈ ద్వారం కప్పు మీద శిలువ గుర్తున్న పెంకు ఒకటి ఉంది. క్రైస్తవం పుచ్చుకున్న కురోదా కంబెయ్‌కు దీన్ని ముడిపెట్టి చెప్తారు. తల వంచి నడిచేవాళ్లలో ఎక్కువమంది దాన్ని చూడకుండానే వెళ్లిపోతారు.

'హొ' ద్వారం ఇనుప రేకులు తాపిన చిన్న తలుపు. దాటితే ఎదురుగా మళ్లీ మేడ, చెయ్యి చాస్తే అందేటంత దగ్గరలో. అక్కడి నుంచి దారి దిగుడు పడుతుంది. నాకు ఈ కోటలో అన్నిటికన్నా గొప్పగా అనిపించింది ఈ దిగుడే. శిఖరం పట్టుకోవడానికి వచ్చినవాడు ఇంతసేపూ ఎక్కాడు. ఎక్కడమంటే దగ్గరవడమని వాడి కాళ్లు నమ్ముతాయి. సరిగ్గా చివరి ఘట్టంలో, నీటి ద్వారాలని పిలిచే ఇరుకు వాకిళ్ల వరసలో, నేల కిందికి వాలుతుంది. దారి తప్పామా, ఇది బయటికి పోయే తోవా అన్న అనుమానం ఒక్క క్షణం కలిగితే చాలు. ముందున్నవాడు ఆగుతాడు, వెనకున్నవాడు తోస్తాడు, ఆ ఇరుకులో తిరిగి చూసే వీలుండదు. గోడ అడ్డం పెట్టకుండా, తాళం వేయకుండా, ఉత్త నేల వాలుతో మనిషి మనసును తికమకపెట్టారు. టికెట్టూ మ్యాపూ చేతిలో ఉన్న నేను కూడా అక్కడ ఒకసారి వెనక్కి తిరిగి చూశాను.

గోల్కొండ ద్వారాలకు దిగిన ఇనుప మేకులు చూసినవాళ్లకు తెలుసు, అక్కడ కట్టినవాడి కళ్ల ముందున్నది ఏనుగు కుంభస్థలం. హిమెజిలో ఏనుగు లేదు. ఇక్కడ కట్టినవాడి కళ్ల ముందు ఉన్నది నడిచి వచ్చే మనిషి, వాడి కాళ్లు, వాడి ఆత్రం. అందుకే తలుపులు లోపలికి పోయేకొద్దీ చిన్నవవుతాయి. అందుకే మెట్ల ఎత్తులు ఒక్క తీరుగా ఉండవు, అడుగు లయ కుదరనివ్వవు. ఇలాంటి దారిని కాగితం మీద గీతలతో తేల్చలేరు. ఎవరో ఒకరు నిజంగా కింద నుంచి నడిచి ఉండాలి, ఈ మలుపులో నేను చంపడానికి వచ్చినవాణ్ణయితే ఏం చేస్తాను అని తనను తాను అడుగుతూ. తన ప్రభువును కాపాడటానికి ఆ మనిషి రోజుల తరబడి ఎదుటి పక్షంవాడుగా బతికి ఉండాలి. వాడి అలుపు తన కాళ్లకు తెలియాలి, వాడి ఆశ తన కళ్లలో మెరవాలి. మనకు కావలసినవాళ్ల గురించి కూడా మనం అంత నిదానంగా, అంత వివరంగా ఊహించుకోం. పగ కోసం పుట్టినదైనా, ఎదుటి మనిషి లోపలికి పోయి చూడటమనే ఆ పని నన్ను కదిలించింది. ఆ శ్రద్ధ వెనుక ఉన్న భయాన్ని తలుచుకుంటే బాధా కలిగింది.

రాతి గోడల దగ్గర ఇంకో రకం ఊహ కనిపిస్తుంది. అడుగున గోడ వాలుగా ఉంటుంది, పైకి పోయేకొద్దీ నిటారుగా లేచి, విప్పిన విసనకర్ర అంచులా వంగుతుంది. ఎక్కడం సులువేనని పిలుస్తుంది, సగం ఎక్కినవాడిని అక్కడ వదిలేస్తుంది. ఆ ఒంపు భూకంపాల నేల మీద బరువును నిలబెట్టడానికీ పనికొస్తుంది. మూలల్లో పొడవాటి రాళ్లను ఒకసారి ఇటు, ఒకసారి అటు తలపెట్టి పేర్చారు. మధ్యలో ఉన్నవి మాత్రం దొరికినవి దొరికినట్టే. దగ్గరికి వెళ్లి చూస్తే వాటిలో ప్రాచీన సమాధుల రాతి పెట్టెలున్నాయి, గుడి దీపస్తంభాల దిమ్మెలున్నాయి. 'హ' ద్వారం స్తంభం కింద ఉన్నది అలాంటి దీపస్తంభపు పీఠమే. రాళ్లు అంత కరువైన రోజులవి. వాయవ్యపు చిన్న మేడ గోడలో వల కప్పి ఉంచిన తిరగలి రాయి ఒకటి చూపిస్తారు. హిదెయొషికి రాళ్లు చాలడం లేదని విని, బియ్యప్పిండి మోచీలు కాల్చి అమ్ముకునే ముసలావిడ తన తిరగలి రాయి తెచ్చి ఇచ్చిందట. ఆ మాట ఊరంతా పాకి జనం రాళ్లు మోసుకొచ్చారట. జనం చెప్పుకునే కథ ఇది. చనిపోయినవాళ్ల రాతి పెట్టెలు అడిగి తెచ్చినవి కావన్నది మాత్రం కథ కాదు. ఒకే గోడలో రెండూ ఉన్నాయి.

తెన్షు లోపల ఎక్కడానికి నిచ్చెన్లలా నిటారుగా ఉండే చెక్క మెట్లు. బయటికి అయిదంతస్తులుగా కనిపిస్తుంది, లోపల ఆరు, కింద నేలమాళిగ ఒకటి. గోడల పొడవునా తుపాకులు, ఈటెలు తగిలించే కొయ్యలు. ఎత్తైన కిటికీల దగ్గర నిలబడి కాల్చడానికి అరుగులు. మూడో అంతస్తు మూలల్లో మనిషి దాక్కునే గదులు, శత్రువు ఇంతదాకా వస్తే చివరి దెబ్బ తీయడానికి. వీటికన్నా నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది నేలమాళిగలో ఉన్న వంటింటి తొట్టి, మరుగుదొడ్లు. ముట్టడి నెలల తరబడి సాగితే లోపల వండుకోవాలి, గిన్నెలు కడుక్కోవాలి, కాలకృత్యాలు తీర్చుకోవాలి. అదీ ఆలోచించారు. మరుగుదొడ్లు వాడిన జాడల్లేవు. ఈ మేడలో ప్రభువు కాపురం ఉండలేదు. ఆయన నివాసం కింద ఆవరణలో. ఇంత పెద్ద మేడ, ఇన్ని ఏర్పాట్లు, అన్నీ రాని రోజు కోసం ఎదురుచూస్తూ ఉండిపోయాయి.

కోట మీద నిజంగా దాడి జరిగితే ఎలా ఉంటుందో తన కళ్లతో చూసిన మనిషి ఒకామె ఇక్కడ ఉండేది. పడమటి ఆవరణలో ఉండేది. సెన్‌హిమె, ఇయెయసు మనవరాలు. పసిపిల్లగా ఉన్నప్పుడే ఆమెను ఒసాకాలో ఉన్న హిదెయొషి కొడుకు హిదెయొరికి ఇచ్చి పెళ్లి చేశారు. 1614 చలికాలంలో తాతగారి సైన్యం మనవరాలున్న కోటను చుట్టుముట్టింది. ఒసాకా కోట లొంగలేదు. దాని అగడ్తలు అంత గట్టివి. సంధి కుదిరింది. ఆ సంధి ప్రకారం అగడ్తలు పూడ్చేశారు. కొన్ని నెలలకే, 1615 వేసవిలో, మళ్లీ సైన్యం వచ్చింది. ఈసారి అడ్డం నీళ్లు లేవు. భర్త, అత్త ప్రాణాలు తీసుకున్నారు, ఆమెను మంటల్లోంచి బయటికి తెచ్చారు. అప్పటికి ఆమెకు ఇరవై ఏళ్లు కూడా నిండలేదు.

మరుసటి ఏడు ఆమెకు హొందా వంశపు తదతొకితో పెళ్లి చేశారు. 1617లో హొందావారికి హిమెజి ఇచ్చినప్పుడు ఆమె ఇక్కడికి వచ్చింది. మామగారు తదమస ఆమె పరివారం కోసం పడమటి ఆవరణ కట్టించాడు. సుమారు 240 మీటర్ల పొడవున, గోడ అంచునే సాగే చెక్క వరండా, పక్కన దాసీల గదులు, చివర ఆమె సేదతీరే అలంకార గృహం. ఇప్పుడు అందులో నడవాలంటే చెప్పులు విప్పాలి. పాదాల కింద పలకలు చల్లగా తగులుతాయి. కిటికీలోంచి కిందికి చూస్తే పడమటి వైపు అగడ్త. ఆమె కూడా ఆ కిటికీల దగ్గర నిలబడి ఉంటుంది. వేరేవాళ్లకు అవి చెట్ల నీడలు పడే నీళ్లు. ఒక కోట నీళ్లు మట్టిలో కలిసిపోవడం, దాని తర్వాత ఏం జరిగిందీ చూసిన మనిషికి అవి ఎలా కనిపించాయో ఊహించబోతే నా మనసు సాగలేదు. ఇక్కడ కూడా ఆమెకు కొడుకు దక్కలేదు, పసితనంలోనే పోయాడు. 1626లో భర్త కూడా పోయాడు. ఆమె ఎదో నగరానికి (ఇప్పటి టోక్యో) వెళ్లి సన్యాసం తీసుకుంది. గోడలు ఆపలేనివి వచ్చి ఆమె ఇంటిని ఖాళీ చేశాయి.

ఒసాకా పడిపోయాక దేశంలో పెద్ద యుద్ధాలు ఆగిపోయాయి. రెండున్నర శతాబ్దాలు శాంతి. హిమెజి మీదికి ఎవరూ రాలేదు. శత్రువు కోసం వేసిన వంకర దారిలో రోజూ నడిచింది కావలివాళ్లు, మరమ్మతు పనివాళ్లు, దీపం నూనె మోసేవాళ్లు. 1868లో తొకుగవా వంశపు షోగన్ల (సైనిక పాలకుల) పాలన కూలినప్పుడు కొత్త ప్రభుత్వం తరఫున కోటను ముట్టడించడానికి వచ్చింది ఒకయమా సైన్యం. ఆ సైన్యాన్ని నడిపింది ఇకెదా వంశంవారే. తమ పూర్వీకుడు కట్టిన కోట ముందు వాళ్లు నిలబడ్డారు. కోట పోరాడకుండా లొంగిపోయింది.

అసలు ప్రమాదాలు ఆ తర్వాత మొదలయ్యాయి. ఏ కన్నంలోంచీ కనిపించని వైపుల నుంచి వచ్చాయవి. కొత్త ప్రభుత్వానికి కోటలు పనికిరాని పాత సామాను. హిమెజి మేడను 23 యెన్‌ల 50 సెన్‌లకు వేలంలో కొన్న మనిషి, పడగొట్టే ఖర్చు మోయలేక వదిలేశాడని చెప్తారు. సైన్యం కింది ఆవరణలో భవనాలు తీసేసి బారకాసులు వేసింది. కప్పులు కారాయి, గడ్డి మొలిచింది. అప్పుడు 1878లో నకమురా షిగెతొ అనే సైనికాధికారి ఈ కోటనూ నగొయా కోటనూ కాపాడాలని పైవాళ్లకు విన్నవించాడు. కోటలను కూల్చడం నవీనతగా లెక్కపడుతున్న రోజుల్లో యూనిఫారంలో ఉన్న మనిషి ఆ మాట అనడానికి ఎంత తెగువ కావాలో! హిషి ద్వారం లోపల ఆయన పేరున ఒక రాతి ఫలకం ఉంది. అందరూ మేడ ఫొటో తీసుకునే తొందరలో దాన్ని దాటిపోతారు. నేను అక్కడ చేతులు జోడించాను.

1945 జులై 3 రాత్రి విమానాలు ఊరి మీద నిప్పులు కురిపించాయి. తెల్లకొంగ పైనుంచి కనబడకుండా ముందే నల్లటి వలలు కప్పి ఉంచారు. పై అంతస్తులో పడిన అగ్నిబాంబు పేలలేదు. చుట్టూ ఊరంతా బూడిదైంది. పొద్దున వలల కింద కోట నిలబడి ఉండటం చూసి ఏడ్చినవాళ్లున్నారని అక్కడ చెప్పుకుంటారు. ఇల్లూవాకిలీ పోయినవాళ్లకు ఆ మేడ ఏమిస్తుందని అడగబుద్ధి కాదు.

మరో ప్రమాదం పునాదిలోనే పొంచి ఉంది. మేడ బరువుకు గుట్ట మట్టి కుంగి, కట్టడం ఆగ్నేయానికి ఒరిగింది. కట్టిన పెద్ద వడ్రంగి ఆ ఒరుగు తట్టుకోలేక ఉలి నోట కరుచుకుని పైనుంచి దూకాడని పాత కథ. 1956 నుంచి 1964 దాకా మేడను చెక్క చెక్కగా విప్పి, అడుగున కాంక్రీటు వేసి మళ్లీ నిలబెట్టారు. నేల నుంచి పైదాకా లేచే రెండు మహాస్తంభాల్లో తూర్పుదాన్ని అడుగు భాగం మార్చి నిలుపుకున్నారు. పడమటిది లోపల చివికిపోయింది. సుమారు 25 మీటర్ల స్తంభానికి ఒకే మాను కుదరక రెండు మానులను అతికారు. ఆ అతుకు చూస్తుంటే అది చేసిన వడ్రంగుల చేతులు తలపుకొస్తాయి. పాత పునాది రాళ్లను పారేయలేదు. అవి ఉన్న వరసలోనే కింద మైదానం పక్కన పరిచి పెట్టారు. ఆ రాళ్ల మధ్య తిరిగితే మేడ కాలిముద్ర మీద తిరిగినట్టే.

ఇక ఆ తెలుపు. అది అందం కోసం పూసినది కాదు, నిప్పంటకుండా చెక్క మీద కప్పిన సున్నపు గచ్చు. మన మేస్త్రీలు డంగు సున్నంలో కరక్కాయ నీళ్లు, బెల్లం కలిపినట్టు, అక్కడివాళ్లు సముద్రపు నాచు ఉడికించిన జిగురు, నార పీచు కలిపి తాపీతో రాస్తారు. పెంకుల అతుకుల మీద కూడా అదే పూత. అందుకే కప్పు కూడా దూరానికి తెల్లగా మెరుస్తుంది. వానకూ బూజుకూ అది నల్లబడుతూనే ఉంటుంది. 2009లో మొదలైన మరమ్మతు ముగిసి 2015 మార్చిలో మేడ తలుపులు తెరిచినప్పుడు మరీ తెల్లగా ఉందని కొందరు మొహం ముడిచారు. నల్లబడిన కోటకే వాళ్ల కళ్లు అలవాటు పడ్డాయి. నా లెక్కన ఇవాళ కోటను కాపలా కాస్తున్నది ఆ తాపీ పనివాళ్లు. వాన ఎటునుంచి కొడుతుందో, నీరు ఏ అతుకులో నిలుస్తుందో వాళ్లకు తెలుసు. తుపాకి కన్నాలు పెట్టినవాడు శత్రువును ఎరిగినంత బాగా తెలుసు.

అగడ్తలకు మాత్రం అలాంటి అదృష్టం పట్టలేదు. లోపలిది నిండుగా ఉంది. మధ్య అగడ్త దక్షిణ భాగం రెండో నంబరు జాతీయ రహదారి కిందికి పోయింది. బయటి అగడ్తను రైలుమార్గం, స్టేషను, దుకాణాల వీధులు చాలావరకు మింగేశాయి. ఊరు పెరగక తప్పదు, మనుషులకు చోటు కావాలి. అయినా హిమెజి ప్రపంచ వారసత్వ జాబితాకెక్కిన 1993కి ముందే ఇదంతా జరిగిపోయిందే అని ప్రాణం ఉసూరుమంటుంది. మేడను కాపాడారు, అది దేని మధ్య నిలబడిందో దాన్ని పోగొట్టుకున్నారు.

కళ్లు పెట్టి వెతికితే ఆనవాళ్లు దొరుకుతాయి. ఆ రహదారికి ఉత్తరపు వైపున, బస్సులూ లారీలూ పోయే చప్పుడు పక్కనే, పాత మట్టికట్ట ఇంకా ఉంది, అక్కడక్కడ ద్వారాల రాతి గోడలు మిగిలి ఉన్నాయి. తూర్పు వైపు ఇళ్ల మధ్య బయటి అగడ్త ముక్క ఒకటి చిన్న కాలువలా ఇప్పటికీ ఉంది. దానికి టికెట్ లేదు, యాత్రికులూ లేరు. మీరెవరైనా హిమెజి వెళ్తే స్టేషన్ నుంచి తిన్నని రోడ్డు పట్టకండి. ముందు ఆ కాలువ వెతుక్కుని, దాని వెంట ఉత్తరానికి నడిచి, అక్కడి నుంచి మధ్య అగడ్త దాకా, ఆ తర్వాతే సకురా వంతెన మీదికి రండి. పూట పడుతుంది, కాళ్లు నొప్పెడతాయి. కోట కట్టినవాళ్లు బయటినుంచి వచ్చేవాడి కోసం వేసిన దారి మొదలయ్యేది అక్కడే.